ఆ జాబితాలో పేరున్నవాళ్ళు క్లాసుకు ఎందుకు రావడం లేదు?

నాకు వచ్చిన ఈ ఉత్తరం ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలిది; దాని సారాంశం, తరవాత నా జవాబు ఇక్కడ ఇస్తున్నాను. గోదావరి డెల్టాలోని ఒక విశ్వవిద్యాలయంలో గెస్ట్ ఫ్యాకల్టీగా పనిచేస్తున్నారు. ఆమెను గాని, ఆమె విద్యార్థులను గాని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆమె పాఠం చెప్పే ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం క్లాసులో ఏడుగురు తమ ఇళ్ళలో డిగ్రీ దాటిన మొదటివాళ్ళు. కొబ్బరి దింపు పనిచేసే ఆయన కొడుకు ఒకరు, రంపచోడవరం పైనుంచి వచ్చిన కొండరెడ్డి తెగ కుర్రవాడు ఒకరు, కోనసీమ దళితపేటల నుంచి వచ్చినవాళ్ళు నలుగురు, సముద్రపు ఒడ్డున మత్స్యకారుల ఊరి అమ్మాయి ఒకరు. మొదటి సెమిస్టర్‌లో వీరిలో అయిదుగురికి బ్యాక్‌లాగులు మిగిలాయి. న్యాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే జాతీయ మండలి) ఫైలు కోసం విభాగంవారు ‘స్లో లెర్నర్స్’ అని ఒక జాబితా తయారుచేసి నోటీసు బోర్డుకు అంటించారు. ఏడుగురి పేర్లూ అందులో ఉన్నాయి, అన్నీ పాసైన ఇద్దరివి కూడా. వారికి సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు రెమెడియల్ (వెనుకబడినవారికి అదనపు) క్లాసు పెట్టి ఈమెకు అప్పగించారు. మొదట్లో వచ్చారు. నెల తిరిగేసరికి బెంచీలు ఖాళీ అయ్యాయి.

రెండో చిక్కు ప్రాజెక్టులది. రెండో సంవత్సరం ప్రాజెక్టులను మొదటి సెమిస్టర్ మార్కుల వరుసలో పంచుతారు. పైవరుసకు ల్యాబులో పని, కిందివరుసకు లైబ్రరీలో కూర్చుని పాత వ్యాసాల సమీక్ష. మార్కుల ప్రకారం ఇస్తే పక్షపాతం ఎక్కడుందని విభాగాధిపతి అంటారు. సీటు వచ్చింది, పాసైతే చాలు, వాళ్ళకు పరిశోధనలెందుకని ఒక సహోద్యోగి స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారు.

ఈలోగా ఆ మత్స్యకారుల అమ్మాయి వచ్చి, ఆక్వా ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగం దొరుకుతోంది, చదువు మానేయమంటారా మేడమ్ అని అడిగింది. తల్లి రొయ్యల షెడ్డులో పొట్టు వలిచే పనికి వెళుతుంది. అమ్మాయికి ఒక్క పేపరు మిగిలింది గాని, బ్యూరెట్ దగ్గర ఆమె చెయ్యంత నిలకడైన చెయ్యి ఆ బ్యాచ్‌లో మరొకటి లేదని ఈమె రాశారు.

చివరి పేరా ఆమె మాటల్లోనే: “నేనూ అలాంటి పేట నుంచే వచ్చాను. నోరు విప్పితే ‘మీవాళ్ళ కోసం మాట్లాడుతున్నారు’ అంటారు. ఏటా జూన్‌లో నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. ఊరుకుంటే ఆ పిల్లల మొహం చూడలేకపోతున్నాను. ఏం చెయ్యను?”

అమ్మా, మీ ఉత్తరంలో మధ్యలో ఎక్కడో ‘వాళ్ళకు అసలు ఆసక్తి ఉందో లేదో కూడా తెలియడం లేదు’ అన్నారు. ఆసక్తి సంగతి తరవాత చూద్దాం, ముందు గడియారం చూడండి. ఆ అమ్మాయి పంటు మీద గోదావరి దాటి, రెండు బస్సులు మారి వస్తుందని మొదటి పేజీలో మీరే రాశారు. క్లాసు ఆరింటికి వదులుతారని మూడో పేజీలో రాశారు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదవండి. చీకటి పడ్డాక రేవులో ఆడపిల్ల పంటు కోసం నిలబడాలంటే ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? ఇద్దరు కుర్రవాళ్ళు సాయంత్రాలు మందుల షాపులో కూర్చుంటారని కూడా మీరే చెప్పారు. అంటే ఏడుగురిలో ముగ్గురు రావాలనుకున్నా రాలేని వేళకు క్లాసు పెట్టి, రాలేదని హాజరు పట్టీలో రాస్తున్నాం. ఆ వేళ మీరు పెట్టింది కాదని తెలుసు. మార్చమని అడగడం మాత్రం మీరు చేయగలిగిన పనే. మధ్యాహ్నం ల్యాబు మొదలయ్యే లోపు ముప్పావుగంట దొరికినా చాలు. దానివల్ల మీకు భోజనం ఆదరాబాదరా అవుతుంది, కొందరికి ల్యాబు రికార్డు రాసుకునే సమయం పోతుంది. అయినా రాగలిగినవాళ్ళెవరో, రాకూడదనుకున్నవాళ్ళెవరో అప్పుడు తేలుతుంది.

మిగిలిన నలుగురూ ఎందుకు రావడం లేదో నోటీసు బోర్డు చూస్తే తెలుస్తుంది. వివిధ స్థాయుల విద్యార్థులను ఎలా గుర్తిస్తున్నారు, చురుకైనవారికి, వెనుకబడినవారికి ఏం ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నారు అని న్యాక్ అడుగుతుంది, నిజమే. పేర్లు గోడకు అంటించమని ఎక్కడా అడగదు. అన్నీ పాసైన ఇద్దరిని ఆ జాబితాలో ఏ కొలతతో చేర్చారో నాకు అర్థం కాలేదు. అది మార్కుల కొలత కాదని మాత్రం మీకూ నాకూ తెలుసు. జిల్లా పేరులోనే అంబేద్కర్ ఉన్న కోనసీమ నుంచి వచ్చిన పిల్లలకు ఈ లెక్క ఇంకా త్వరగా అర్థమవుతుంది. ఆ క్లాసు గుమ్మం తొక్కడమంటే ఆ జాబితా కింద సంతకం పెట్టడమే. వాళ్ళు పెట్టబోమన్నారు. నేనైతే ఇందులో నిరాసక్తి కన్నా ఆత్మగౌరవమే ఎక్కువ చూస్తాను. జాబితా ఫైలులో ఉంటే చాలు, గోడ మీద అక్కర్లేదని విభాగాధిపతితో ఒక్క మాట చెప్పి తీయించండి. దీనికి పెద్ద ధైర్యం అవసరం లేదు, ఆయనకూ పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఆ క్లాసు ఎలా ఉండాలన్నది. ఇక్కడ మీకొక పాత సంగతి చెప్పాలి. 1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత బోధకుడికి మీకు వచ్చిన అనుమానమే వచ్చింది. కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఎందుకు తప్పుతున్నారని తోటి అధ్యాపకులను అడిగితే పునాది బలంగా లేదన్నారు, పట్టుదల లేదన్నారు, ఇంట్లో చదువు వాతావరణం లేదన్నారు, పేదరికం అన్నారు. మన స్టాఫ్ రూముల్లో వినిపించే మాటలే. ఆయన ఆ మాటలతో సరిపెట్టుకోకుండా పిల్లలు ఎలా చదువుతున్నారో వాళ్ళ వెంట ఉండి చూశాడు. పట్టుదలకు లోటు లేదు. గంటల తరబడి చదువుతున్నారు, కాకపోతే ఒంటరిగా. చదువు ఒకచోట, స్నేహాలు మరొకచోట. అదే క్లాసులో బాగా చేస్తున్న చైనా సంతతి విద్యార్థులు ఎవరికి వారు చదువుకున్నాక ఒకచోట చేరి, ఒకరి జవాబులు ఒకరు దిద్దుకుంటున్నారు, పాత ప్రశ్నపత్రాలు పంచుకుంటున్నారు. ఎవరైనా ఒక లెక్క దగ్గర ఆగిపోతే, లోపం తనదా లెక్కదా అన్నది వెంటనే తెలుస్తోంది. ఒంటరిగా చదివేవాడికి ఆ సంగతి పరీక్ష ఫలితం వచ్చాక గాని తెలియదు.

ట్రైస్‌మన్ పెట్టిన వర్క్‌షాపులో రెమెడియల్ అన్న మాట లేదు. మీరు బాగా రాణించగలరు, కష్టమైన లెక్కలు చేద్దాం రండి అని పిలిచాడు. సిలబస్ కన్నా గట్టి ప్రశ్నలు ఇచ్చి, చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టాడు. ఆ పిల్లల గ్రేడ్లు బాగా పెరిగాయి. ఈ పద్ధతి తరవాత అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలకు పాకింది. మన పరిస్థితికి దీన్ని ఉన్నదున్నట్టు దించుకోలేం. కానీ ఒక పరీక్ష మీరు రేపే చేయవచ్చు. మీ క్లాసులో గత ఏడాది ప్రశ్నపత్రాలు ఎవరి ఫోనులో ఉన్నాయో, సీనియర్ల రికార్డులు ఎవరి చేతుల్లో తిరుగుతున్నాయో, నెట్ (అధ్యాపక, పరిశోధన అర్హతకు జాతీయ పరీక్ష) దరఖాస్తు తేదీ ఎవరికి ముందు తెలుస్తుందో వాకబు చేయండి. ఇవన్నీ తిరిగే వాట్సాప్ గుంపులో మీ ఏడుగురిలో ఎంతమంది ఉన్నారు?

మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఆ ఏడుగురికే క్లాసు నడపడం, పేరు మార్చి, వేళ మార్చి. మేలు ఏమిటంటే తెలియనిది అడగడానికి జంకు ఉండదు. కీడు ఏమిటంటే పేరు ఎంత మార్చినా అది ఎవరి క్లాసో అందరికీ తెలుసు. రెండోది, సీఎస్ఐఆర్ నెట్, గేట్ స్థాయి ప్రశ్నలు చేసే బృందమని క్లాసంతటికీ ప్రకటించి, ఆ ఏడుగురినీ మీరు విడివిడిగా, పేరుపేరునా పిలవడం. నా మొగ్గు దీనివైపు. అయితే దీనికో ప్రమాదముంది. ఇంగ్లీషు బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురు సుద్దముక్క లాక్కుని బోర్డు ఆక్రమిస్తారు, మిగిలినవాళ్ళు మళ్ళీ నోటు పుస్తకాల్లో తల దూరుస్తారు. అందుకని నలుగురేసి గుంపులు మీరే వేయండి. ఏ గుంపులోనూ ఈ పిల్లల్లో ఒక్కరినే ఒంటరిగా ఉంచకండి. బోర్డు దగ్గరికి ఎవరు వెళ్ళాలో వంతులు పెట్టండి.

చర్చ తెలుగులో సాగనివ్వండి, జవాబు ఇంగ్లీషులో రాయించండి. రాష్ట్రంలో డిగ్రీ కాలేజీలు 2021-22లో ఇంగ్లీషు మీడియానికి మారాయి; అంతమాత్రాన ఆలోచన కూడా ఆ జీవో తేదీ నుంచి ఇంగ్లీషులోకి మారిపోదు. రియాక్షన్ మెకానిజం కాగితం మీద బాణాలతో సహా వేసిన కుర్రవాడు వైవాలో రెండు వాక్యాలు కూడగట్టుకోలేక మార్కులు పోగొట్టుకోవడం మీరు చూసే ఉంటారు. పిల్లలకు ఇంగ్లీషు అలవాటు తప్పుతుందని ఎవరైనా అభ్యంతరం చెబుతారు. రాయడం ఇంగ్లీషులోనే అని చూపించండి, చాలు.

ప్రశ్నలు ఎంత గట్టివైతే అంత మంచిది. ఉదాహరణకు మీ జిల్లాలో ప్రతి రొయ్యల రైతుకూ తెలిసిన సంగతి ఒకటుంది, మధ్యాహ్నం ఎండలో చెరువు పీహెచ్ పెరిగితే అమ్మోనియా దెబ్బ తగులుతుందని. నాచు, ప్లవకాలు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల పీహెచ్ పెరుగుతుంది, అక్కడి వరకు చాలామంది చెబుతారు. తరవాత లెక్క అడగండి. అమ్మోనియం అయాన్ పీకేఏ (అమ్మోనియం, అమ్మోనియా సగం సగం ఉండే పీహెచ్) 25 డిగ్రీల దగ్గర సుమారు 9.25. పీహెచ్ 7.5 ఉన్నప్పుడు విషమైన అమ్మోనియా రూపంలో ఎంత భాగం ఉంటుంది, 9కి చేరితే ఎంత? మొదటి దానికి నూటికి రెండు పాళ్ళ లోపు వస్తుంది, రెండో దానికి మూడో వంతు దాటుతుంది. చెరువు నీళ్ళు ముప్పై డిగ్రీలు దాటి ఉంటాయి గనుక అసలు అంకె ఇంకా ఎక్కువ. ఎంత ఎక్కువో కట్టమనండి, థర్మోడైనమిక్స్ కూడా వచ్చేస్తుంది. ఈ ప్రశ్న దగ్గర తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఏరేటర్ల కాపలా కాసిన ఇంటి పిల్లలు తక్కినవాళ్ళకు చెప్పేవాళ్ళవుతారు.

ఒక హెచ్చరిక కూడా. ఇది బాగుంది కదా అని పల్లె పిల్లలకు ఎప్పుడూ చెరువులూ కొబ్బరి పీచూ అప్పగించి, క్వాంటమ్ కెమిస్ట్రీని పట్నం పిల్లలకు వదిలేసే మంచి మనసులు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ కొండరెడ్డి కుర్రవాడికి స్పెక్ట్రోస్కోపీ ఇష్టమని మీరే రాశారు. అతనికి అడవి మూలికల మీద ప్రాజెక్టు ఇవ్వాలన్న ఆలోచన ఎవరిదోగాని, ముందు అతన్ని అడిగి చూడండి.

ఇక ప్రాజెక్టుల పంపకం. నా దృష్టిలో అసలు అన్యాయం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇది పైకి న్యాయంలా కనిపిస్తుంది. మొదటి సెమిస్టర్ మార్కులు చాలావరకు విద్యార్థి ఏ కాలేజీ నుంచి వచ్చాడో చెబుతాయి. వాటిని బట్టి ల్యాబు తలుపు తెరిస్తే, పరికరాన్ని ముట్టుకోనివాడికి జీవితాంతం అది ముట్టే యోగం రాదు. 1988లో అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్‌లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం మొదలైంది. నల్లజాతి విద్యార్థుల్లోంచి శాస్త్రవేత్తలను తయారుచేయడంలో దానికి మంచి పేరు. కలిసి చదవడంతో పాటు వాళ్ళు పట్టుబట్టిన విషయం పిల్లలను తొందరగా పరిశోధనశాలలోకి పంపడం.

విభాగాధిపతి దగ్గరికి వెళ్ళేటప్పుడు వాదన పట్టుకెళ్ళకండి, ఒక కాగితం పట్టుకెళ్ళండి. గత కొన్ని బ్యాచ్‌ల ప్రాజెక్టు రిజిస్టరు చూసి, ల్యాబు ప్రాజెక్టులు ఎవరికి వచ్చాయి, సమీక్షలు ఎవరికి వచ్చాయి, వారిలో ఎవరు ఏమయ్యారు అని తేల్చండి. కులం పేరెత్తాల్సిన పని లేదు, ఆ కాగితం చూసినవారికి అదే కనిపిస్తుంది. రసాయనాలకు, గాజు సామానుకు డబ్బులేదని ఆయన అంటారు. అది సాకు కాకపోవచ్చు, నిజంగానే లేకపోవచ్చు. అందుకు సిద్ధమై వెళ్ళండి: ఒక్కో ప్రాజెక్టుకు ఇద్దరిని జతచేసి పని విడగొడితే అదే ఖర్చుతో రెట్టింపు మందికి ల్యాబు దక్కుతుంది. ఆయన ఒప్పుకుంటే మీ పని పెరుగుతుంది, టాపర్ల తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు గొణుగుతారు. ఒప్పుకోకపోతే బయటి చోట్లు చూడాలి. వరి స్వర్ణ రకం ఇచ్చిన మారుటేరు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. విభాగం తరఫున ఉత్తరం రాస్తే ఒకరిద్దరికి చోటు అడగవచ్చు. కచ్చితంగా ఇస్తారని నేను చెప్పను. పైన చెప్పిన హెచ్చరిక దీనికీ వర్తిస్తుంది.

ఫిర్యాదు దారి కూడా ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో వివక్ష నివారణకు యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. మీ దగ్గర ఆ అధికారి ఎవరో ముందు కనుక్కోండి. చాలాచోట్ల ఆ పేరు వెబ్‌సైటులో తప్ప ఎక్కడా కనబడదు. స్టాఫ్ రూములో అన్న మాటను తేదీ, వేళ, విన్నవారి పేర్లతో ఈరోజే రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసినా చేయకపోయినా అది మీ దగ్గర ఉండాలి. రాతపూర్వకంగా వెళితే విషయం రికార్డుకెక్కుతుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు. అదే సమయంలో జూన్‌లో మీ కాంట్రాక్టు కాగితం ఎవరి బల్ల మీదికి వెళుతుందో మీకు తెలుసు. ఈ సాహసం చేయమని దూరాన కూర్చుని చెప్పడం నాకు తేలిక, జీతం ఆగేది మీకు.

అందుకే ‘మీవాళ్ళ కోసం’ అన్న మాటకు మీరొక్కరే జవాబు చెప్పకండి. ఆ విభాగంలో పర్మినెంటు అధ్యాపకులలో న్యాయం తెలిసినవారు ఒక్కరైనా ఉంటారు. మీ ఉత్తరంలోనే ఒక సీనియర్ ప్రస్తావన ఉంది, ఎవరూ అడగకుండా ఆ పిల్లల పరీక్ష ఫీజు కట్టిన ఆయన. కాగితం మీరు తయారుచేయండి, విభాగం సమావేశంలో ఆయన్ను మాట్లాడమనండి. పేరు ఆయనకు వస్తుందని బాధపడకండి. ఇంకొక సంగతి: పేట నుంచి వచ్చిన అధ్యాపకురాలు ఉంది గనుక పేట పిల్లల బాధ్యత ఆమెదే అని విభాగమంతా చేతులు దులుపుకోవడం చాలాచోట్ల జరిగేదే. రెమెడియల్ క్లాసు మీకే ఎందుకు పడిందో ఆలోచించారా? వచ్చే సెమిస్టర్ ఆ పని వంతులవారీగా ఉండాలని అడగడం స్వార్థమేమీ కాదు. పిల్లలకు మీ కథ చెప్పాలా అంటే, వాళ్ళకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. మన ఊళ్ళలో ఇంటిపేరు చాలదూ! అడిగితే చెప్పండి, పాఠంలా మాత్రం చెప్పకండి.

బ్యాక్‌లాగుల గురించి ఒక్క మాట. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారని మన వైపు ప్రతి సైన్సు సభలో చెబుతారు, పిల్లలకు ధైర్యం వస్తుందని. నాకు ఆ కథలో మూడోసారి పరీక్షకు కూర్చోబెట్టగలిగిన ఇల్లు కనిపిస్తుంది. మీ అమ్మాయికి ఆ ఇల్లు ఉందో లేదో తెలియకుండా పట్టుదల గురించి ఉపన్యాసం ఇవ్వకండి.

ఆమె ప్రశ్నకు మీరు అవుననీ చెప్పకూడదు, కాదనీ చెప్పకూడదు. లెక్కలు మాత్రం దాచకుండా ముందు పెట్టండి. ఉద్యోగం ఇప్పుడే దొరుకుతుంది, తల్లి చేతులు ఐసు నీళ్ళలోంచి కొంతైనా బయటికి వస్తాయి. అది చిన్న విషయం కాదు. కానీ టెక్నీషియన్‌గా చేరినవాళ్ళు పదేళ్ళకు ఎక్కడున్నారో ఆ ల్యాబులోనే పనిచేసే ఒకరిద్దరిని అడిగి రమ్మనండి. ఎమ్మెస్సీ పూర్తిచేసి నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్పు) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. వినడానికి బాగుంటుంది, కానీ ఆ పరీక్ష కఠినం, మొదటిసారే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మధ్యేమార్గం, వేసవి సెలవుల్లో ఆ ల్యాబులోనే తాత్కాలికంగా చేరి, జూన్‌లో తిరిగి రావడం. యజమాని ఒప్పుకుంటాడో లేదో అడిగితేనే తెలుస్తుంది. మానేయడానికే నిశ్చయిస్తే, చెప్పకుండా మాయమవనివ్వకండి. చదువుకు విరామం కోరుతూ దరఖాస్తు పెట్టించి, మళ్ళీ చేరడానికి గడువెంతో, స్కాలర్‌షిప్పు ఆగుతుందో కొనసాగుతుందో అకడమిక్ సెక్షన్‌లో రాతపూర్వకంగా తెలుసుకోండి. సాధారణంగా పిల్లలు తిరిగి రాలేకపోయేది ఆ కాగితం లేకే.

దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. ఎంపికైనవారు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు. ప్రకటన సాధారణంగా ఏడాది చివరి నెలల్లో వస్తుంది. సిఫారసు లేఖ అడగడానికి ఈ పిల్లలు మొహమాటపడతారు, మీరే ముందుగా అడిగి రాసివ్వండి. ఆ ఫెలోషిప్పు అధ్యాపకులకు కూడా ఉంది. వాళ్ళ దరఖాస్తులు నింపే రోజునే మీదీ నింపండి. కాంట్రాక్టు రాసేవారి ముందు కూర్చున్నప్పుడు మరో సంస్థలో పనిచేసిన అనుభవం మీకు పనికొస్తుంది.